ఇరవై నాలుగో గడి

చీరల వ్యాపారి తన విజిటింగ్ కార్డు కోసం రాసిచ్చిన ఐదు ఫోన్ నంబర్లలో మూడింటిని రాజమల్లు అప్పటికే చెరిపేశాడు. ఇక గణపతి బొమ్మను గోరంత చేసి మూలకు జరుపుతున్నాడు. దేవుడు చిన్నబుచ్చుకుంటాడేమో గానీ, కార్డు అందుకున్నవాడి కంటికి ముందు ఆనాల్సింది పేరే కదా. అరచేతిలో ఇమిడే అట్టముక్క మీద ఊరంతా ఎక్కించమంటారు జనం. అందులో సగాన్ని దించడమే పదిహేడేళ్లుగా అతని ఉద్యోగం.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. జగిత్యాల దగ్గర్నుంచి మగ్గం పనికి సూరత్ వచ్చాడు. ఆ మోతకు చెవులు మొద్దుబారాక డిండోలిలోని ఈ ప్రింటింగ్ దుకాణంలో ఊడవడానికి చేరి, చూస్తూ చూస్తూ కంప్యూటరు పట్టేశాడు. సన్నటి మెడ, ఇస్త్రీ ఎరగని తెల్లచొక్కా, కటింగ్ మిషన్ కొరికిన ఎడమ చూపుడువేలు. భార్య పోయి తొమ్మిదేళ్లయింది. పిల్లలు లేరు. నవాగామ్‌లో ఒక్క గది. ఫోను మోగిందంటే అవతల దుకాణం శేఠ్ జిగ్నేశ్‌భాయ్ అయినా ఉండాలి, రీచార్జి అయిపోయిందని చెప్పే మరగొంతైనా ఉండాలి.

పోయిన నెల, గల్లీ చివర భోజనం పెట్టే విజయరాణి ముప్పై వంటకాల పేర్లు రాసుకుని కార్డు కోసం వచ్చింది.

"గివన్ని ఎవలు చదువుతరు చెల్లే? నీ దగ్గరికి మంది దేనికొస్తరు? ఇంటి తిండికే గదా. గదొక్కటే పెడదాం. ఎనుక ఖాళీ ఉంచుదాం."

"ఖాళీ దేనికన్నా?"

"కార్డు తీసుకున్నోళ్లు నువ్వెవలో యాదికుండేటట్టు ఏదన్న రాసుకుంటరు. జాగ ఉండాలె. వంద కార్డులకు ఒక్క ఫోనొచ్చినా కార్డు పని చేసినట్టే."

ఒక్కో షీటు మీద గడికొకటి చొప్పున ఇరవై నాలుగు రకాల కార్డులు అచ్చవుతాయి; ఈరోజు ఇరవై మూడు గళ్లే నిండాయి. మిగిలిన గడిలో ఎప్పుడూ దుకాణం కార్డే వేస్తారు. అవి పెట్టెల కొద్దీ మూలుగుతున్నాయని, "తుమ్హారా హీ డాల్ దో", నీదే వేసుకో పో, అనేసి శేఠ్ స్కూటరెక్కి వెళ్లిపోయాడు. అన్నవాడు మర్చిపోయాడు. విన్నవాడు మాత్రం అప్పుడే కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

తెలుగులో పెద్దగా 'రాజమల్లు' అని కొట్టాడు. దాని కింద ఏం రాయాలి? అందరినీ అడిగే ప్రశ్న ఇప్పుడు తన మీదికే వచ్చింది. తన దగ్గరికి మనుషులు దేనికొస్తారు? 'డిజైనర్' అని రాసి, సిగ్గేసి చెరిపాడు. 'ఆపరేటర్' అన్నదీ నచ్చలేదు. ఆ చోటు ఖాళీగానే వదిలేశాడు. ఇక నంబరు. వేలమంది నంబర్లు కొట్టిన వేళ్లకు సొంత నంబరు రాలేదు. ఇన్నేళ్లలో ఒకరికి చెప్పిన పాపాన పోతే కదా! ఫోను తీసి, చూసి కొట్టుకున్నాడు.

ఒంటిగంటకు, అచ్చేసి కోసిన తన వంద కార్డుల డబ్బీ జేబులో వేసుకుని భోజనానికి వెళ్లాడు. విజయరాణి రైల్వే వాళ్లకు వడ్డిస్తోంది. చెప్పకుండానే అతని కంచంలో కారం లేని పప్పు పడింది. తింటున్నంతసేపూ మూడుసార్లు చెయ్యి జేబుదాకా వెళ్లి ఉత్తదే తిరిగొచ్చింది. కార్డు ఎలా ఇవ్వాలో ఊరందరికీ చెప్పిన పెద్దమనిషి! చివరికి చెయ్యి కడుక్కుని, పంచదార డబ్బా పక్కన ఒకటి పెట్టాడు.

"ఇది ఉంచు చెల్లే. ఊకెనే."

ఆమె కొంగుకు చెయ్యి తుడుచుకుని చదివింది.

"రాజమల్లా నీ పేరు? నాలుగేండ్ల సంది తింటున్నవ్, నేను అడగనే లేదు సూడు. అందరి పని రాస్తవ్, నీది రాసుకోలేదేందన్నా?"

"ఏం రాయాల్నో తోచలె."

దుకాణానికి తిరిగొచ్చి ఫోను గొంతు చివరికంటా పెంచి కీబోర్డు పక్కన పెట్టుకున్నాడు. అది మోగలేదు. ఎదురుచూస్తున్నందుకు తన మీద తనకే నవ్వొచ్చింది, తర్వాత ఏడుపూ వచ్చింది. సాయంత్రం చీరల వ్యాపారి వచ్చి గణపతిని మళ్లీ పెద్దది చేయించుకుని వెళ్లాడు. ఎడమ భుజం లాగుతోంటే రాజమల్లు మామూలుకన్నా ముందే గదికి చేరాడు. తొంభై తొమ్మిది కార్డుల డబ్బీ కిటికీలో పెట్టి, ఫోను దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాడు.

మర్నాడు ఒంటిగంట దాటింది. ఒంటిగంటన్నర కూడా అయింది. విజయరాణి కారం లేని పప్పు గిన్నె మీద మూత పెట్టి, వీధి వైపు రెండుసార్లు చూసి, డబ్బా వెనక నుంచి కార్డు తీసి ఫోను చేసింది.

నవాగామ్‌లో, రాత్రి షిఫ్టు దిగి నిద్రపోతున్న పక్కగది పరమేశ్‌కు మెలకువ వచ్చింది. గోడవతల ఫోను మోగడం అతను ఏనాడూ వినలేదు. ఆగింది. మళ్లీ మోగింది. విసుక్కుంటూ వెళ్లి తలుపు కొట్టాడు. నాలుగోసారి మోగుతున్నప్పుడు గడియ ఊడేలా తోశాడు. రాజమల్లు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఒళ్లు ఎప్పుడో చల్లబడింది.

పరమేశే ఫోను ఎత్తి సంగతి చెప్పాడు.

"ఎవలమ్మా మీరు? ఆయనకు ఏమైతరు?"

విజయరాణి కార్డును గట్టు మీద పెట్టింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"అన్నం పెడ్తనన్నా," అంది. "నేనొస్తున్న. నేనొచ్చేదాంక ఎటూ తీస్కపోకుండ్రి."

పొయ్యి ఆర్పి, తలుపు దగ్గరగా వేసి బయటికి నడిచింది. కార్డు గట్టు మీద బోర్లా పడి ఉంది. దాని తెల్లటి వీపు మీద, నూనె వేలి మరక పక్కన, నిన్న ఆమె బాల్‌పెన్నుతో రాసుకున్న అక్షరాలు: 'కారం తక్కువ. రోజు ఒంటిగంటకొస్తడు.'