ఆఖరి ఫారం

"ఆఖరి ఫారం వచ్చేసింది, రత్నమ్మా! ఇవాళ పుస్తకం అయిపోద్ది," అంటూ బైండింగ్ షాపు యజమాని ప్రేమ్‌కుమార్ ఇంకా సిరా తడి ఆరని కాగితాల కట్టను బల్ల మీద దించి, టీకి వెళ్లాడు.

రత్నం చేతిలో మడత ఆగలేదు. నలభయ్యేళ్లుగా టాటానగర్‌ సాక్చి సందులోని ఆ షాపులో పదహారేసి పేజీల ఫారాలను మడిచి, మైనం పట్టించిన దారంతో కుడుతోంది. బొటనవేలి గోరు అరిగి గవ్వలా నున్నబడింది. ఎవరి పుస్తకమైనా ఆమెకు అంచులూ, బరువూనే. ఇది మాత్రం కాసిడీహ్‌లో తన పక్కింటి హిమబిందుది. తెలుగులో అడిగితే హిందీలో బదులిచ్చే ఆ కాలేజీ పిల్ల, తను పెద్దమ్మా అని పిలిచే రత్నం చదవాలని తన మొదటి నవలను పట్టుబట్టి తెలుగులో రాసింది. అందులో, పేరు మరిచిపోయిన ఒక పిల్ల రైల్లో దొరుకుతుంది. తనెవరో తనే వెతుక్కుంటుంది.

ఏడేళ్లప్పుడు రత్నం కూడా అలాగే టాటానగర్ ప్లాట్‌ఫారం మీద దొరికింది. అక్కడ టీ అమ్మే భద్రమ్మ ఇంటికి తీసుకెళ్లి, పేరు పెట్టి, అక్షరాలు నేర్పి పెంచింది. అంతకుముందుది గుర్తున్నది ఒక నీలం తలుపు, నానిన గోగునార వాసన. అంతే.

కొత్త ఫారం మడవబోతూ చదివింది. నవల్లో పిల్ల గోగులవలస చేరి నీలం తలుపు తట్టింది. లోపలినుంచి తల్లి, "పైడీ, వచ్చినావేటే? కాళ్లు కడుక్కో," అంది.

రత్నం వెనక్కి తిరిగి చూసింది. షాపులో ఎవరూ లేరు.

కాసేపటికి హిమబిందు రసగుల్లాల కుండ పట్టుకుని, చేతుల నిండా పాకంతో నవ్వుతూ వచ్చింది.

"బిందూ, ఈ గోగులవలస ఎక్కడున్నాదే?"

"అరే పెద్దమ్మా, వో తో మైనే బనాయా! ఉత్తుత్తి ఊరు, నేనే కల్పించా."

"నీలం తలుపు నీకెవులు సెప్పినారు?"

"నువ్వే కదా!"

"మరి తలుపెనకాల మాయమ్మ? పైడి? అదీ నానే సెప్పుంటాను. సెప్పేసి మర్సిపోయినాను. నాకు మరుపు కొత్తేటి?"

హిమబిందు కాదనబోయింది. తల్లినీ, పేరునీ తనే కల్పించింది. నిజంగా తనే కల్పించిందా? పెద్దమ్మతో కూర్చున్న ఎన్ని సాయంత్రాలని గుర్తుంటాయి? పాకం వేళ్ల మీద బిగుసుకుంటోంది.

"రేపు పొద్దున్న బండికి ఎల్తన్నాను," అంటూ రత్నం ఆ ఫారాన్ని మడిచి కొంగులో కట్టుకుంది. "గోగునారంటే ఇజీనారం ఒయిపే కదా, ఆ టేసన్లో దిగి దారి అడుగుతాను."

"నేనూ వస్తాను, పెద్దమ్మా. రేపు నేనూ నీతో వస్తాను," అంది హిమబిందు, ఈసారి హిందీ ముక్క కలపకుండా.

మిట్టమధ్యాహ్నం రత్నం షాపు మెట్లు దిగింది. ఎదురొచ్చిన ప్రేమ్‌కుమార్ "రత్నమ్మా! రత్నమ్మా!" అని రెండుసార్లు పిలిచాడు. ఆమె ఆ పేరుకు తిరిగి చూడలేదు.

బల్ల మీద ఆఖరి ఫారం లేని పుస్తకం, దాని వెన్నులో గుచ్చి వదిలేసిన సూది. ఫ్యాను గాలికి దారం కొస ఇంకా ఊగుతూనే ఉంది.