ప్రఫుల్ల మంచం మీద కునుకు

రెండువేల ఇరవైరెండు, జూన్ పదమూడు, సోమవారం. మృగశిర కార్తె వచ్చినా వాన జాడ లేదు. పడమటి గాలి పొయ్యిసెగలా మొహాన కొడుతోంది. హనుమాన్ జంక్షన్ అవతల రామకోటేశ్వరరావు గారి చేపల మేత మిల్లులో భోజనాల గంట కొట్టారు. క్యారేజీలు తెరుచుకున్నాయి, గోంగూర పచ్చడి చేతులు మారింది, ఆ తర్వాత దొరికిన నీడలో ఎవరికి వాళ్ళు నడుం వాల్చారు. మధ్యాహ్నం కునుకు తీయనివాణ్ణి ఈ డెల్టాలో అనుమానంగా చూస్తారు. వాడికి ఒంట్లోనో ఇంట్లోనో బాగోలేదని లెక్క.

రాజ్యశ్రీకి మాత్రం పడుకునే చోటు లేదు. మైలవరంలో మగ్గం నేసే ఇంటి పిల్ల, డిప్లొమా చదివింది, మిషను మీద పనిచేసే ఒక్క ఆడమనిషి. ఫ్యాక్టరీల్లో నాలుగింట మూడువంతుల ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న చట్టం పుణ్యమా అని దొరికిన కొలువు అది. చట్టం అడిగింది మూడువంతులే. రామకోటేశ్వరరావు గారు ఏదైనా అడిగినదానికంటే ఎక్కువ వడ్డించే మనిషి కదా, ఏళ్ళుగా పనిచేస్తున్న ఒడిశా వాళ్ళందరినీ పంపేసి ఆ ఖాళీల్లో భార్య తరఫు చుట్టాల్ని పెట్టుకున్నారు. చుట్టాన్ని మిషను దగ్గర నిలబెడితే రేపు పెళ్ళిళ్ళలో ఎదురుపడేదెలా? అందుకని వాళ్ళంతా సూపర్‌వైజర్లయ్యారు. పిండికి ఆవిరి పట్టి గుళికలు చేసే మిషను దగ్గర రాజ్యశ్రీ, ఆమె పని చూస్తూ బావమరుదులూ వాళ్ళ బావమరుదులూ.

గుళికలు నీళ్ళలో పడగానే కరిగిపోతున్నాయి. కైకలూరు రైతు సొలొమోను ఆ పొద్దున్నే బస్తాలన్నీ వెనక్కి తెచ్చి దించాడు.

“మేత అడిగితే అంబలి ఇచ్చారేంటండీ? మా చేపలు తింటాయండి, జుర్రుకోవు.”

అతను వెళ్ళాక రామకోటేశ్వరరావు గారు రాజ్యశ్రీతో అన్నారు: “ఈ వర్షాకాలం పోయేదాకా చూస్తానమ్మా. కుదరకపోతే మిషను తీసేస్తా. ఆపైన నీకు చెప్పే పని నా దగ్గరుండదు.”

ఆ దిగులుతోనే ఆమె వెనక ఒడిశా వాళ్ళు ఖాళీ చేసిన వరసగదుల్లోకి వెళ్ళి, ఒక నులకమంచం మీద ఒరిగింది. అది ప్రఫుల్ల సాహుది. ఏళ్ళ తరబడి ఆ మిషను నడిపి, వేసవిలో వాళ్ళందరితో పాటే ఊరు వెళ్ళిపోయినవాడు.

లేచేసరికి పని వచ్చేసింది. పిండిని పిడికిట్లో నొక్కి, ఆవిరి చాలిందో లేదో చెప్పగలిగింది. సాయంత్రం గ్లాసు నీళ్ళలో వేసిన గుళిక వేసినట్టే ఉంది.

“ఎవరి మంచం మీద పడుకున్నావే?” అంది వంట చేసే రాఘవమ్మ.

“ప్రఫుల్లన్నది, పిన్నీ.”

“అదీ సంగతి. ఆయన కల ఆయన మంచంలోనే ఉంటుందిగా మరి,” అంటూ పప్పులో తిరగమోత పెట్టుకుంది.

ఇందులో వింతేమీ లేదు. గుడివాడలో ఒక కొత్తల్లుడు అత్తగారి మంచం మీద కునుకు తీసి, ఆవకాయ పెట్టడం నేర్చుకుని లేచాడు. ఆ ఇంట్లో ఇప్పటికీ ఆయనే పెడతాడు. అది వేరే కథ.

కలలో వచ్చిన పని ఆ పూటకే, రోజూ పడుకోవలసిందే. చుట్టాలు కూడా తలో మంచం ఎక్కారు. ఒకడికి బాయిలరు మండించడం వచ్చింది, ఇంకొకడికి బస్తాలు కుట్టడం. సూపర్‌వైజర్లు తగ్గి పనివాళ్ళు పెరిగేసరికి మిల్లు గాడిన పడింది. అయితే కలలో పనొక్కటే రాదు. ఒడిశాలో ఋషికుల్య నది ఒడ్డు, జీడిమామిడి తోపు, చూపు మందగించిన ప్రఫుల్ల తల్లి, అన్నీ రాజ్యశ్రీతో పాటు ఇంటికొచ్చేవి.

“మనది కాని ఊరి మీద నీకు బెంగేమిటే?” అనేది వాళ్ళమ్మ.

శ్రావణం వచ్చేసరికి కల పల్చబడింది. ఒక మధ్యాహ్నం మిషనే కనపడలేదు. ప్రఫుల్ల ఇసుకలో కూర్చుని పిడికిలి మూస్తున్నాడు, తెరుస్తున్నాడు. అందులో ఏమీ లేదు. ఆ పూట గుళికలు మళ్ళీ కరిగాయి.

రాజ్యశ్రీ తిన్నగా ఆఫీసు గదిలోకి వెళ్ళింది. “ప్రఫుల్లన్నని పిలిపించండి సార్.”

“చట్టం ఒప్పుకోదమ్మా.”

“చట్టం అడిగింది మూడువంతులే కద సార్. నాలుగో వంతులో కూర్చున్నది మీ బావమరుదులు.”

రామకోటేశ్వరరావు గారు నవ్వాలో కోప్పడాలో తోచక గ్లాసెడు మజ్జిగ తాగారు. “అతనొస్తే మిషను అతనిదే. ఒక మిషనుకి ఇద్దరెందుకు? మరి నీ సంగతి?”

“అక్కడ ఆయన ఖాళీగా కూర్చుంటే ఇక్కడ నాకు కలేం వస్తుంది సార్? ఎలాగూ నా పని పోతుంది. ఆయనదైనా ఉండనివ్వండి.”

ప్రఫుల్ల వచ్చాడు. అన్నం తిని, అలవాటు చొప్పున తన మంచం మీద కాసేపు పడుకున్నాడు. రాజ్యశ్రీ క్యారేజీ సంచిలో సర్దుకుంటోంది. ఇన్నాళ్ళూ ఆ మంచం మీద పడుకున్నది ఆమేనని ఎవరికీ గుర్తులేదు. అతను లేచి, నేరుగా మిషను కరెంటు పెట్టె తెరిచి, ఆమె డిప్లొమాలో చదివిన పాఠమంతా తనలో తాను చెప్పుకుంటూ, కాలబోతున్న తీగని పట్టేశాడు. ఆపైన అచ్చం మైలవరం యాసలో, “ఇంటికి ఫోను చెయ్యి చెల్లెమ్మా, అమ్మ కంగారు పడతంది,” అన్నాడు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న రామకోటేశ్వరరావు గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. “ఒకళ్ళని పంపితే రెండోవాళ్ళ పనీ పోయేట్టుందే. సంచి అక్కడ పెట్టమ్మా.”

అప్పట్నుంచి ఆ మంచం మీద ఒక మధ్యాహ్నం ఆమె పడుకునేది, మర్నాడు అతను. సొలొమోను కొల్లేరు చుట్టుపక్కల రైతులందరికీ ఆ మేతే వాడమని చెప్పుకు తిరిగాడు.

మొన్న మాఘంలో రామకోటేశ్వరరావు గారు కాలం చేశారు. ఆయన చేపల చెరువులు కొడుకు హర్షవర్ధన్‌కి వచ్చాయి, మిల్లు కూతురు భానుశ్రీకి. మిల్లు నడిపే పెత్తనం రాజ్యశ్రీకీ, వెనక గదులు బతికున్నంతకాలం ప్రఫుల్లకీ అని పెద్దాయన రాసి వెళ్ళారు. పెద్ద బావమరిది దుర్గాశంకర్ చివరిదాకా తన కుర్చీలోనే కునుకు తీశాడు. ఆయనకేమీ రాలేదు.