మెనూలో రెండో వరుస

జాకబ్ పోయి నలభై రోజులు దాటినా, కుందుర్పి పక్కనున్న ఆ కాలనీలో ఇంటికి ఎన్ని బిందెలో ఇంకా అతనే చెప్పేవాడు. నీళ్ల ట్యాంకరు తోలే ఓబులేష్ అడిగితే రెండేళ్ల కింద తన కంప్యూటర్‌లో రికార్డు చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చిన చాటింపు అది. ట్రాక్టరుకు కట్టిన మైకులో ఆ గొంతు వినపడగానే ఆడవాళ్లు బిందెలతో బయటికొస్తారు. అతని భార్య సువార్తా వస్తుంది. మొగుణ్ణి పూడ్చిన మర్నాడు కూడా వచ్చి, నాలుగు బిందెలు పట్టుకుని పోయింది. ఏడవలేదు. గుండె రాయి చేసుకుందన్నారు. రాయీ లేదు, గుండే లేదు, ఆ చోట ఏమీ లేనట్టే ఉందని ఆమె ఎవరికి చెప్తుంది?

పోయిన వారం కరెంటు ఎగిరెగిరి పడి కంప్యూటర్ లేవడం మానేసింది. దాని మీద జనానికి దరఖాస్తులు నింపడమే ఆమెకిప్పుడు బతుకుదెరువు. కళ్యాణదుర్గంలో కంప్యూటర్లు బాగుచేసే సాయిగణేష్, దాన్ని నడిపించే లినక్స్ మళ్లీ ఎక్కిస్తే చాలు, ఒక పెన్‌డ్రైవ్ పంపమన్నాడు. చేతికి దొరికింది ఓబులేష్‌దే.

"ఈ చాటింపు కంప్యూటర్‌లో ఇంగోటి ఉంటాది కదా వదినా," అని అతను మైకులోంచి పీకి ఇచ్చాడు. సాయిగణేష్ దాన్ని శుభ్రంగా తుడిచి, లినక్స్ ఎక్కించే ఇన్‌స్టాలర్ వేసి బస్సులో పంపాడు. కంప్యూటర్‌లో ఇంకోటి ఉన్న మాట నిజమే. ఆ కంప్యూటరే కదా లేవంది! మర్నాడు ట్యాంకరు ఉత్త హారన్ కొట్టుకుంటూ వచ్చాక గానీ ఇద్దరికీ ఆ సంగతి తట్టలేదు. జాకబ్ ఫోను అతని ప్రాణం తీసిన యాక్సిడెంటులో బండితో పాటే నుజ్జయింది, ఆమెది బటన్ల ఫోను. ఆ గొంతు ఇక కంప్యూటర్ లోపలి పాత డిస్కులో తప్ప భూమ్మీద ఎక్కడా లేదు.

మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి పెన్‌డ్రైవ్ పెట్టింది. తెర మీద రెండు వరుసలు వచ్చాయి. మొదటిది బొమ్మలతో నడిచేది, రెండోది ఉత్త అక్షరాలది. సాయిగణేష్ ఫోనులో మొదటిదే నొక్కమన్నాడు. అందులో అయితే తెలుగు వస్తుంది, నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంటూ పొమ్మన్నాడు. నిజంగానే తెలుగు వచ్చింది. పదో తరగతి దాకా తెలుగులోనే చదివిన మనిషికి ప్రాణం లేచి రావాలి. ఆమెకేమీ అనిపించలేదు. నెక్స్ట్ కొట్టింది. మళ్లీ కొట్టింది. డిస్కు మొత్తం వాడుకోమనే వరుస ముందే ఎంచిపెట్టి ఉంటే దాన్నీ కొట్టింది. ఆ తర్వాతి పేజీలో, డిస్కులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, సరేనా అని ఉంది.

వేలు మౌసు మీదే ఆగిపోయింది. వెనక్కి పోదామంటే బాణం కదలదు, కదిలితే ఎక్కడో దుంకుతుంది. పాత మిషను ఆ బొమ్మల బరువు మోయలేకపోతోంది. ఒక్క నొక్కు ఎక్కువ పడితే మనిషి రెండోసారి పోతాడు. సువార్త చెయ్యి వెనక్కి తీసుకుని, స్విచ్చి కట్టేసింది.

జాకబ్ ఎప్పుడూ రెండో వరుసే నొక్కేవాడు. ఎందుకని అడిగితే ఒకసారి చెప్పాడు. "బొమ్మలది తొందర పెడతాది. ఇది ఒక్కొక్కటే అడిగి, నువ్వు చెప్పేదాకా కూర్చుంటాది." అతని పక్కన ఎన్నిసార్లు కూర్చుందో లెక్కలేదు. అందులో అంతా ఇంగ్లీషే అయినా పార్టిషన్, ఫార్మాట్ అనే మాటలు ఉప్పు, పప్పు లాంటివే ఆమెకు. మళ్లీ స్విచ్చి వేసి రెండో వరుస నొక్కింది.

మౌసు లేదు, బాణాల మీటలూ ఎంటరూ అంతే. నీలం తెర ఒకటి అడిగి ఊరుకుంటోంది. నలభై రోజుల్లో ఆమెను తొందర పెట్టనిది ఇదొక్కటే. డిస్కు దగ్గరికి వచ్చేసరికి రెండు భాగాలు చూపించింది, నలభై జీబీ ఒకటి, రెండొందల ఎనభై ఒకటి. సీపీయూ పక్కన జాకబ్ ప్లాస్టరు అంటించి పెన్నుతో రాసిపెట్టాడు: చిన్నది సిస్టమ్, పెద్దది నాది, ముట్టుకోవద్దు. అప్పట్లో చదివి నవ్వింది. ఇప్పుడు వేలు పెట్టి రెండుసార్లు చదువుకుని, చిన్నదాన్ని తుడిచి ఫార్మాట్ చేయమంది, పెద్దదాన్ని ఉన్నదున్నట్టు వదలమంది.

సాయంత్రానికి మిషను లేచింది. చాటింపు ఫైలు తెరిస్తే "ట్యాంకరు" అన్న మాట వినపడింది. అంతకుమించి వినలేక మూసేసింది. పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి ఆ ఫైలు అందులో వేసి, ఓబులేష్‌కు ఇచ్చేసింది.

పొద్దున మైకు మోగింది. "ట్యాంకరు వచ్చినాది. ఇంటికి నాలుగు బిందెలే. తోసుకోవద్దండమ్మా, అందరికీ వస్తాయి." సువార్త వరుసలో నిలబడి, తన వంతు రాగానే బిందె పెట్టింది. చాటింపు అక్కడితో ఆగాలి. ఆగలేదు. అప్పట్లో పెన్‌డ్రైవ్‌లో వేసినదానికి జాకబ్ చివర తోక కత్తిరించి ఇచ్చాడు, డిస్కులో మిగిలింది కత్తిరించనిది. కుర్చీ కిర్రుమంది. వీధి మొత్తానికీ వినపడేలా జాకబ్ అడిగాడు.

"ఏమే సువార్తా, బాగుండాదా?"

రికార్డు చేసిన ఆ రోజు ఆమె గడప మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తూ ఉత్తగా తలూపింది. తలూపితే మైకుకు వినపడదు కదా. ఆడవాళ్లందరూ ఆమె వైపు తిరిగారు.

"బాగుండాది," అంది సువార్త, పైకే. ఆ మాటతో పాటే ఏడుపు వచ్చింది. బిందె నిండి పొర్లుతోంటే అక్కడే కూలబడి, ఇన్ని రోజుల ఏడుపూ ఏడ్చింది.