చాలా దూరం విసిరింది

రాష్ట్ర జూనియర్ పోటీల్లో నేను జావెలిన్‌ను నలభై నాలుగు మీటర్ల పది సెంటీమీటర్లు విసిరాను. మొదటి స్థానం నాదే. ఈ అంకె ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే దీన్ని పేపర్లో వేయించుకోవడానికి నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

హిందూపురం స్పోర్ట్స్ హాస్టల్లో సీటు కావాలంటే నలభై రెండు మీటర్లు దాటినట్టు రుజువు చూపాలి. సర్టిఫికెట్ రావడానికి నెల పడుతుంది, దరఖాస్తుకు వారమే గడువు. పేపర్ కటింగ్ తెచ్చినా సరేనని హాస్టల్ కోచ్ హరికృష్ణ సార్ ఫోన్లో అన్నారు.

అందుకే విలేకరి గిరిధర్ ధర్మవరంలో మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన చెప్పినదానికల్లా తలూపాను.

"ట్రాక్ సూట్ వద్దులేమ్మా, ఫొటోకు బాగుండదు. చీర కట్టుకో" అన్నాడు.

మా నాయన రంగప్ప పట్టుచీరలు నేస్తాడు. మగ్గం మీది నుంచి అప్పుడే కోసి మడత పెట్టిన చీరను నా కోసం విప్పాడు. ఎన్నడూ మగ్గం నేయని నేను మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని నవ్వాను. వంట వచ్చా, ఎండకు రంగు తగ్గలేదా, పెళ్లెప్పుడు అని అడిగితే అన్నిటికీ పళ్లికిలించాను. చివర్లో నేను అడిగింది ఒక్కటే.

"ఎంత దూరం ఇసిరినానో రాస్తారు గదన్నా?"

"రాయకుండా ఎట్లుంటాం లేమ్మా."

మూడో రోజు పావు పేజీ వచ్చింది. పైన 'పట్టుచీరలో మెరిసిన పరుగుల చిన్నది' అని పెట్టారు. నాది పరుగే కాదు. చీర ఆరు గజాలట, ఏడు వందల గ్రాములట, పన్నెండు రోజుల నేతట, అంచున హంసలట. నా ఆట గురించి ఒక్క వాక్యం: జావెలిన్‌ను చాలా దూరం విసిరింది.

ఒళ్లు మండిపోయి ఫోన్ చేశాను.

"అంకెలేస్తే ఎవురు చదువుతారమ్మా?" అన్నాడు గిరిధర్.

నాయన ఫోన్ లాక్కున్నాడు. "నా చీరకు గ్రాములతో సహా ఏసినావు గదప్పా! చాలా పొడుగు అని చెప్తే నా చీర యా షావుకారు తీసుకుంటాడు?"

సిగ్నల్ లేదంటూ గిరిధర్ పెట్టేశాడు.

గడువు చివరి రోజున ఆ కటింగే పట్టుకొని నాయనా నేనూ హిందూపురం పోయాం. హరికృష్ణ సార్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"చీర బాగుండాది. చాలా దూరమంటే ఎంతమ్మా?"

కోపంతో చెవులు వేడెక్కాయి. "గ్రౌండ్ ఈడే ఉండాది గద సార్. ఇసురుతా, కొలవండి."

మూడు అవకాశాలిచ్చారు. మొదటిసారి గీత తొక్కాను. రెండోది నలభై ఒకటి. మూడోది పడిన చోట సార్ టేపు కొస పెట్టారు. ఇటు గీత దగ్గర నాయన పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లుగా చీరలు కొలుస్తున్న మనిషి, టేపు బిగువుగా లాగి, వంగి చూసి గట్టిగా చదివాడు.

"నలభై రెండు మీటర్ల అరవై!"

పోటీలో విసిరినదానికి మీటరున్నర తక్కువ. అయినా సీటు దొరికింది. సార్ రిజిస్టర్లో ఆ అంకె రాస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

తిరుగు రైలు పెనుకొండ దాటాక నాయన ఫోన్ మోగింది. ఎవరో ఆవిడ పేపర్లో చీర చూశారట, అలాంటిదే కావాలట. నాయన నా వైపు చూశాడు.

"నేసిస్తానమ్మా. ఆ చీర కట్టుకున్న పాప జావెలిన్ నలభై నాలుగు మీటర్ల పది ఇసిరింది. ముందు అది రాసుకోండి, తర్వాత రంగు చెప్పండి."