ఒకటే పొయ్యి

నలభై రెండు కుటుంబాలకు పది కిలోల బియ్యం. ఎవరో చెప్పగా విన్నది కాదు, ఆ సంచిని సర్కారు గోదాములోంచి నేనే మోసుకొచ్చి స్కూలు వరండాలో దించాను. నా పేరు బిక్షం, హమాలీని. మిగతా సంచులు ఎప్పుడు తెమ్మంటారని, వరద సాయం లెక్కలు రాసే సారును అడిగాను. "మిగతయి అంటే ఏంటియి?" అన్నాడాయన.

మునగాల దాటాక హైవే పక్కన ఉంటుంది ఆ తండా. సెప్టెంబరు వానకు వాగు పొంగి ఇళ్లలో జొరబడితే, జనం పిల్లల్ని ఎత్తుకుని స్కూలు ఎక్కారు. ఎండు కట్టెలు ఒక్క పొయ్యికి సరిపడా దొరికాయి. పెళ్లిళ్లకు వాడే పెద్ద డేగిసా మిగిలింది. ఇంకేముంది, అందరికీ కలిపి అందులోనే వండారు. పెళ్లయినా చావయినా ఒకే పొయ్యి మీద వండుకోవడం ఆ తండాకు ఎప్పటినుంచో ఉన్న అలవాటే.

మూడో రోజు సారు ట్యాబ్ పట్టుకుని వచ్చి, ఎన్ని పొయ్యిలని అడిగాడు.

"ఒక్కటే సారూ," అంది లక్ష్మీబాయి. తండాలో అందరూ ఆమె మాట వింటారు. "ఒక్కలను ఇడిసి ఒక్కలం తింటలేం." ఆ చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉంది.

సారు అలాగే ఎక్కించాడు. ఒక పొయ్యి అంటే ఒక కుటుంబమట. కుటుంబ పెద్ద, లక్ష్మీబాయి. కుటుంబానికి పది కిలోలు. ఈ రూలు రాసినవాడు ఏనాడూ ఖాళీ గిన్నె పట్టుకుని పక్కింటికి పోయి ఉండడు.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి జావ కాచారు. సంచి ఖాళీ. లక్ష్మీబాయి కోడలు సునీత పదకొండు రోజుల బాలింత. అందరికీ పోసినట్టే ఆమెకూ ఒక్క గరిటె. పాలు పడక బిడ్డ రెండు రోజులు ఏడ్చింది, తర్వాత ఏడవడం మానేసింది. ఏడుపు విన్నప్పటికంటే అది ఆగినప్పుడే నాకు ఎక్కువ భయమేసింది.

తండావాళ్లు సారును మళ్లీ కలిశారు. "ఒక్కసారి ఎక్కితే మారది. మళ్ల సర్వే ఒస్తది, అప్పుడు చెప్పుండ్రి," అన్నాడు. రోడ్డుకు అవతల గోదాము. అందులో కప్పుకు తగిలే దాకా బియ్యం బస్తాలు. వాటిని పేర్చింది నేనే. తాళం వాళ్లది, వీపు నాది. ఆ వీపుతో ఒక్క బస్తా ఇవతలికి తేలేని నా బతుకు మీద నాకే అసహ్యం పుట్టింది.

ఆ సాయంత్రం వరండాలో అందరూ కూర్చున్నారు.

"ఎవరి పొయ్యి వాళ్లం పెట్టుకుందం. అట్లన్న రాసుకుంటరు," అన్నాడు ముసలి మంగ్త్యా.

"ఏం పెట్టి వండుతవ్ కాకా? కట్టెలున్నయా, గిన్నెలున్నయా?" అన్నాడు సునీత భర్త వినోద్.

"తప్పు నాదే," అంది లక్ష్మీబాయి. "ఉన్నదున్నట్టు చెప్పిన."

"నిజం చెప్తె తప్పెట్లయితది అత్తా? రాళ్లయితే ఉన్నయి గద. రోడ్డు మీద పెడదం, సూడనీ," అంది సునీత.

తెల్లారేసరికి హైవే మీద నలభై రెండు పొయ్యిలు. ఒక్కోదానికి మూడు రాళ్లు, అంతే. మంట లేదు, గిన్నె లేదు. కోదాడ బస్సులు, సూర్యాపేట బస్సులు రెండు దిక్కులా ఆగిపోయాయి. పోలీసులు వచ్చి రాళ్లను తన్నారు. ఆడవాళ్లు మళ్లీ పేర్చారు. మళ్లీ తన్నారు.

"వీళ్లకు పెద్ద ఎవరు?" అన్నాడు ఎస్సై. సారు ట్యాబ్ చూసి లక్ష్మీబాయి పేరు చెప్పాడు. బియ్యానికి కాకపోయినా, దీనికి పనికొచ్చింది ఆ రాత.

ఆమెను వ్యాన్ దగ్గరికి లాక్కుపోయారు. "తండంత ఒక్కటే ఇల్లని మీరే రాసిన్రు," అంది లక్ష్మీబాయి. "ఇంటోళ్లను ఇడిసిపెట్టి ఒక్కదాన్ని ఎట్లొస్త?"

ఎవరూ సైగ చేయలేదు. సునీత బిడ్డతో ముందు ఎక్కింది. వ్యాన్ నిండిపోయింది. ఎక్కలేనివాళ్లు తలా ఒక రాయి నెత్తిన పెట్టుకుని వెనకే నడిచారు, ఆ ముసురులో.

అప్పుడు నేను లారీకి బస్తా మోస్తున్నాను. దించేశాను. తక్కిన నలుగురు హమాలీలూ దించేశారు.

"యాడికిరా?" అని అరిచాడు సూపర్‌వైజర్.

"మా ఇంటోళ్లను పట్టుకపోతున్నరు," అన్నాను.

అన్నలారా, చదువుకునే తమ్ముళ్లారా, గెలిచామని చెప్పను. ఆ రోజు బియ్యం రాలేదు. ఒక హోంగార్డు ఎవరూ చూడకుండా సునీతకు పాలు, బన్ను తెచ్చిచ్చాడు. బిడ్డ రొమ్ము అందుకుంది, వదిలేసింది, మళ్లీ అందుకుంది. పాలు పడ్డాయో లేదో నాకు తెలియదు.

స్టేషన్ ముందర బురదలో రాళ్లు మూడేసి పేర్చి కూర్చున్నాం. స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ పుస్తకం తెచ్చి, ఎన్ని కుటుంబాలని అడిగాడు.

"ఒక్కటే," అంది లక్ష్మీబాయి. "పట్టుకొచ్చినోళ్లకు అన్నం మీరే పెట్టాలె గద సారూ. పెట్టుండ్రి."

రైటర్ నా వైపు తిరిగాడు. "నువ్వు తండోనివి గాదు గద. నీదే ఇల్లు?"

నేను నోరు తెరిచేలోపే లక్ష్మీబాయి అంది: "మా ఇంటోడే. రాసుకో."

రాసుకున్నాడు. గోదాము ముందు లారీ, మోసేవాళ్లు లేక, సగం లోడుతో ఇంకా అక్కడే ఉండి ఉంటుంది.