జొన్నకంకుల కొంగు

పోచంపల్లిలో మా రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒకే గోడ. అవతల అండాలక్క మగ్గం ఆడితే ఇవతల నా గిన్నెలు అదురుతాయి. పెళ్లై వచ్చిన కొత్తలో నాకు ఆసు పోయడం, అంటే చీరకు కావలసిన దారాన్ని మేకుల చుట్టూ తిప్పడం, నేర్పింది ఆమే. నా పిల్లలు రోజుకో పూటైనా వాళ్లింట్లోనే తినేవాళ్లు. అట్లాంటి అక్క ఒకరోజు వాకిట్లో నిలబడి, వాడంతా వినేటట్టు మా ఆయన కృష్ణకాంత్‌ను దొంగ అన్నది.

గొడవ ఒక చీర కొంగు గురించి. వరుసగా జొన్నకంకులు, కంకుల మీద వాలిన పిచ్చుకలు. అక్క సొంతంగా ఆలోచించి గ్రాఫు కాగితం మీద గీసుకున్నది. ఇంకా మగ్గం ఎక్కించలేదు, ఎవరికీ చూపించలేదు. ఒకనాడు మా ఇంట్లోకి వచ్చేసరికి అదే కొంగు మా మగ్గం మీద సగం దిగి ఉంది.

"నా ఇంట్ల జొరవడి జూసినవా, పిల్లలతోని తెప్పిచ్చుకున్నవా?" అని అడిగింది.

"రమ ఫోన్ల వచ్చింది వదినా. సావుకారు పంపిండనుకొని మొదలు వెట్టిన," అన్నాడు మా ఆయన.

మాకు నూలిచ్చి నేయించుకునే సావుకారేమో, నేనేం పంపలేదు పొమ్మన్నాడు. దాంతో మా మాట అబద్ధమై కూర్చుంది. సావుకారు నూలు ఇవ్వడం ఆపేశాడు. మా ఆయన ఆ సగం కొంగు మీద గుడ్డ కప్పేసి, మగ్గం వైపు పోవడమే మానేశాడు. ఆయన నోరున్న మనిషి కాదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. పిల్లల్ని ఆ గడప తొక్కనివ్వలేదు. అక్క ఎదురొస్తే మొహం తిప్పుకున్నాను. తీరిక దొరికినప్పుడల్లా ఫోన్ తీసి, ఆ కాగితం ఫొటో ఎటునుంచి వచ్చిందా అని వెతికేదాన్ని. వాట్సాప్‌లో ఎవరూ పంపలేదు. అయినా ఫొటోల్లో ఉంది.

అక్క తన బిడ్డ ప్రవళికను కాన్పుకని భువనగిరి దవాఖానకు తీసుకుపోయిన రోజు కూడా అట్లాగే వెతుకుతున్నాను. నేను చూస్తుండగానే కొత్త ఫొటో ఒకటి వచ్చి చేరింది. గుడ్డలో చుట్టిన పసిబిడ్డ, పక్కన వడలిపోయిన మొహంతో నవ్వుతున్న ప్రవళిక.

ప్రవళిక నా కళ్ల ముందు పెరిగిన పిల్ల. కోపమూ పంతమూ ఏవీ గుర్తురాలేదు. చెంగున వాకిట్లోకి ఉరికాను. అక్క భర్త యాదయ్య బావ బటన్ల ఫోన్ చేతిలో పట్టుకుని కబురు కోసం అరుగు మీద కూర్చున్నాడు.

"బావా, ప్రవళిక కాన్పయింది! తల్లీబిడ్డ మంచిగున్నరు!"

బావ నన్ను ఎగాదిగా చూశాడు. "నాకే ఇంకా ఫోన్ రాలే. నీకెవరు జెప్పిండ్రు?"

ఫోన్ చూపించాను. బిడ్డను చూసి ఆయన కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత, "అండాలు నీకు పంపిందా?" అన్నాడు.

"అక్క నాతోని మాట్లాడ్తలేదు గదా బావా."

బావ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని ఫొటోను దగ్గరగా చూశాడు. "గా కొంగు కాయితం గూడ అండాలు ఫోన్ల ఫొటో తీసి పెట్టుకున్నది. గదిగూడ గిట్లనే వచ్చిందేమో," అని ముందు అన్నది బావే.

అక్క తల్లీబిడ్డలను తీసుకుని తిరిగొచ్చాక, నేనూ బావా ఆమెను వెంటబెట్టుకుని సతీశ్ మొబైల్ షాపుకు పోయాం. మా ఇద్దరికీ ఫోన్లు అమ్మింది అతనే. రెండూ అటూ ఇటూ తిప్పి చూసి నాలుక కరుచుకున్నాడు.

"ఫోన్ కొన్నప్పుడు మెయిల్ ఐడీ లేదంటివి గదా రమక్కా. కొత్తది చేసే టైం లేక, అండాలక్కకు చేసిందే నీకూ వేసిన. తీసిన ఫొటోలన్ని నెట్ల వడి కంపెనీ కంప్యూటర్లల్లకు పోతయి. క్లౌడ్ అంటరు దాన్ని. గా ఐడీ ఏ ఫోన్ల ఉంటే గా ఫోన్ల కనవడ్తయి. కంపెనీ లెక్కల మీరిద్దరు ఒక్కటే మనిషి."

"నీకు టైం లేకపోతే నా మొగడు దొంగ గావాల్నా?" అని అరిచాను. షాపు ముందు జనం పోగయ్యారు. ఆ రోజు వాకిట్లో అక్క మాట విన్నవాళ్లు చాలామంది ఉన్నారు. అటుగా పోతున్న సావుకారు కూడా ఆగాడు.

అక్క నా వైపు చూడకుండా, "నా ఫోన్ల నీ పిల్లల ఫొటోలుంటే, ఇంటికొచ్చినప్పుడు వాళ్లే తీసుకున్నరనుకున్న," అన్నది. "వాళ్లు రావుడు బందైనంక గూడ వస్తుండె. ఎట్లొస్తున్నయని అడుగబుద్ధి గాలే. జూస్కుంట కూసుంటుంటి."

నేను ఇంకా చాలా అనాలనుకుని వచ్చాను. నా ఫోన్ సతీశ్ ముందు పెట్టాను.

సతీశ్ నాకు కొత్త ఐడీ చేసి, ఫొటోలు విడదీయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటే చూపించి ఎవరిదని అడుగుతాడు. బడి బట్టల్లో నా కొడుకు, నాది. రంగు బకెట్లు, అక్కవి; ఇన్నాళ్లూ మా ఆయన తీసినవనుకున్నాను. ప్రవళిక బిడ్డ, అక్కది. చివరికి జొన్నకంకుల కాగితం వచ్చింది.

"గిదెవరిది?"

"అక్కదే," అన్నాను. గీసింది ఆమె.

నా దాంట్లోంచి తీసేయబోతుంటే అక్క అతని చెయ్యి పట్టుకున్నది.

"తియ్యకు. రెండిండ్లల్ల ఉండనీ." జనం వైపు తిరిగి, ఆనాడు వాకిట్లో అరిచినంత గట్టిగానే అన్నది: "మా మరిది దొంగ గాడు. తప్పు నా నోటిది. గా కొంగు ఆయన మొదలు వెట్టిండు, ఆయనే పూర్తి జేస్తడు. సావుకారూ, ఇన్నవా?"

సావుకారు తల ఊపాడు. నాకు అంతమందిలో ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

మర్నాడు మా ఆయన మగ్గం మీది గుడ్డ తీశాడు. నేను పొయ్యి ముందు కూర్చుని, అలవాటు కొద్దీ ఫోన్ చూశాను. ప్రవళిక బిడ్డ కొత్త ఫొటో ఏదీ లేదు. ఐడీలు వేరయ్యాయి కదా, ఇక రాదు. గోడ అవతల బిడ్డ ఏడుపు వినిపించింది. అన్నం దింపి, పిల్లలిద్దరినీ తీసుకుని ఆ ఇంటికి పోయాను.