అమావాస్య నాటి అట్టలు

తిమ్మరాయప్ప బడికి వస్తున్నాడంటే ముందు ఆయన బొలెరో హారన్ వస్తుంది, దాని వెనక ఆయన బొజ్జ వస్తుంది, చిట్టచివర ఆయన వస్తాడు. ఆ రోజూ అదే వరసలో వచ్చాడు. నాలుగో తరగతి గదిలో పిల్లల మధ్య నేల మీద కూర్చున్న ప్రతిమ టీచరు తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడింది. హెడ్ మేష్ట్రు శ్రీనివాసమూర్తి మాత్రం పక్క గదిలోంచి చొక్కా సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

పరుగెత్తడా మరి! కన్నడ సీమలో, గుడిబండె దారిలో ఉన్న ఈ నల్లగుట్టపల్లి బడిలో బెంచీలు తిమ్మరాయప్ప ఇచ్చినవి. గోడలకు రంగు తిమ్మరాయప్ప వేయించింది. ఆ రంగు మీద 'దానిగళు', అంటే దాతలు, అని కన్నడంలో గుండ్రంగా రాయించుకున్న పేరూ తిమ్మరాయప్పదే. బడి వెనక గుట్టను పగలగొట్టి కంకర చేస్తున్న క్రషర్ కూడా ఆయనదే, కాని ఆ సంగతి గోడ మీద రాయించుకోలేదు. ఊళ్ళో మేడకు తాళం వేసి, కాపురం చింతామణిలో పెట్టాడు. మనవళ్ళ చదువు కోసమని చెప్తాడు.

"ఏమమ్మా మిస్సూ, గోడకు ఏమేమో అంటించినావంట. ఊర్లో ఒగటే మాట. యాడుండాయి?"

ఎదురుగానే ఉన్నాయి. పాత పెండ్లి పత్రికలను తిప్పి, వెనక తెల్లవైపు పైకి పెట్టి, వరసగా అంటించిన అట్టలు. కొన్ని కొంచెం మాసినవి, కొన్ని బాగా మాసినవి, గుట్ట వైపు గోడకు కట్టినవైతే బూడిదలో పొర్లించినట్టు ఉన్నాయి.

ఇదంతా ఒక పాఠం దగ్గర మొదలైంది. గాలికి రంగు లేదు, రుచి లేదు అని పుస్తకంలో ఉంది. అది చదవగానే భాను అనే పిల్ల చెయ్యెత్తి, "మిస్, మా ఊరి గాలికి రుచి ఉండాది కదా, పండ్ల కింద కరకరమంటాది" అంది. తరగతంతా నవ్వింది. ప్రతిమకు నవ్వు రాలేదు. భాను దగ్గు ఆమెకు తెలుసు. ఆ దగ్గు తగ్గాలని వాళ్ళవ్వ అక్కయమ్మ మురుగమల్ల దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకొచ్చిన సంగతీ తెలుసు. తాయెత్తు ఉంది, దగ్గూ ఉంది.

ప్రతిమ బాగేపల్లి అంగడివాళ్ళ ఇంటి బిడ్డ, ఏ వస్తువూ పారేసే రకం కాదు. మర్నాడు ఇంట్లో పేరుకుపోయిన పెండ్లి పత్రికలన్నీ సంచిలో వేసుకుని బస్సెక్కింది. గాలిలో ఏముందో మనమే పట్టుకుందాం పదండి, అంది పిల్లలతో. అట్టకు జిడ్డు పూస్తే దుమ్ము వచ్చి అంటుకుంటుంది. ఏం పూయాలి? పల్లె పిల్లలు కదా, ఇంట్లో ఏముంటే అదే తెచ్చారు, చెనక్కాయ నూనె. పొద్దునకల్లా ప్రతి అట్ట మీదా చీమల ఊరేగింపు. "గాలిలో చీమలుండాయి మిస్!" అని ఒకటే కేకలు. అప్పుడు వ్యాసలీను పూశారు. ఒక్క అట్టను నమ్మకూడదని, ఎప్పుడూ కొన్ని తాజా అట్టలు పెట్టెలో సిద్ధంగా ఉంచాలని చీమలే నేర్పాయి.

పాల డైరీ అరుగు దగ్గర, అక్కయమ్మ ఇంటి వసారాలో, బడి కిటికీకి, గుట్ట వైపు కాంపౌండు గోడకు కట్టారు. విప్పి భూతద్దంతో చూశారు. గుట్టకు దగ్గరయ్యే కొద్దీ అట్ట బూడిదరంగు తిరుగుతోంది. ఎవరూ చెప్పకుండానే పిల్లలు ఆ మాట కనిపెట్టారు. ఇంటికెళ్ళి చెప్పారు కూడా, అదే తంటా అయింది.

"దుమ్ము లేని ఊరు యాడుందమ్మా?" తిమ్మరాయప్ప గొంతు పెంచాడు. "రోడ్డు మింద బస్సు పోతే లేయదా? కళ్ళంలో చెనక్కాయ తూర్పారబడితే లేయదా? ఆడోళ్ళు పొయ్యి ఊదితే లేయదా? అంతా తెచ్చి నా మిషన్ నెత్తిన పెడ్తే ఎట్ల?"

ప్రతిమ గోడ మీది అట్టల వైపు తిరిగింది. కోపం వచ్చింది గాని, ఆ మాటలో కొంత న్యాయం ఉందనీ తోచింది. గుట్ట వైపే రోడ్డూ ఉంది, ఆ వైపే కళ్ళాలూ ఉన్నాయి.

ఆమె అట్టల వైపే చూస్తుంటే ఆయనకు ఊపొచ్చింది. "శనివారం తల్లిదండ్రుల మీటింగు కదా. ఆడ పిల్లోళ్ళ చేతనే చెప్పించు, మేము చూసింది తప్పు, మా లెక్క తప్పు అని. లేదంటే నిన్ను ఏ మూలకు పంపాల్నో నాకు తెలుసు."

ఏ మూలకైనా బస్సు ఉంటుంది, ఆ బెదిరింపు ప్రతిమకు పెద్దగా అంటలేదు. కాని పిల్లల చేత చెప్పించమన్నాడే, అది గుండెలో గుచ్చుకుంది. కళ్ళతో చూసినదాన్ని చూడలేదని నోటితో అనిపించిన తర్వాత ఆ పిల్లలకు ఇంకే పాఠం చెప్పి ఏం లాభం? రేపటి నుంచి వాళ్ళు పుస్తకంలో ఉన్నదీ నమ్మరు, తమ కళ్ళనూ నమ్మరు.

"తప్పయితే తప్పని నేనే చెప్తానప్పా, పిల్లోళ్ళు ఎందుకు?" అంది లేచి నిలబడి. "కాని ఇంకొక తూరి చూసినాకనే చెప్తాను."

"చూసుకో పో" అని నవ్వి, ఆయన వెళ్ళిపోయాడు.

శ్రీనివాసమూర్తి నుదురు తుడుచుకున్నాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? మనకెందుకమ్మా ఇదంతా?"

"మనం యాడ తొక్కినాము సార్? అదే వచ్చి మన మింద పడతాండాది."

సరే, చూడాలంటే ఎట్లా చూడాలి? రోడ్డు దుమ్మునూ పొయ్యి పొగనూ క్రషర్ దుమ్మునూ విడదీసేది ఎట్లా? తరగతిని అడిగింది. వెనక బెంచీలోంచి శృతి లేచింది. క్రషర్‌లో మిషన్ నడిపే మంజునాథ కూతురు.

"మిస్, అమావాస్య పొద్దు మిషన్ నిలబెడ్తారు కదా. మా నాయన ఇంట్లోనే ఉంటాడు."

ఈ సీమలో లారీకైనా ట్రాక్టరుకైనా క్రషర్‌కైనా అమావాస్య పూజ తప్పదు. మిషన్ కడిగి, నిమ్మకాయలు కట్టి, కర్పూరం వెలిగించి బూడిద గుమ్మడికాయ పగలగొడితే, ఆ రోజుకు దాన్ని ఎవరూ ముట్టరు. రోడ్డుకు అమావాస్య లేదు. పొయ్యికి అమావాస్య లేదు. బస్సు ఎప్పటిలాగే వస్తుంది. ఆగేది మిషన్ ఒక్కటే. శుక్రవారమే అమావాస్య, మీటింగుకు ముందు రోజు.

ఇంకో సంగతి కూడా ఆమెకు అప్పుడే వెలిగింది. ఊళ్ళో ఆడవాళ్ళు మిరపకాయలు ఎండబోసేది, దుప్పట్లు ఆరేసేది అమావాస్య నాడే. ఎందుకని ఎవరూ ఎవరినీ అడగలేదు. అత్త చేస్తే కోడలు చేసింది, అంతే.

శుక్రవారం పొద్దున పూజ టపాకాయ పేలింది. తర్వాత గుట్ట నోరు మూసుకుంది. ఎప్పుడూ అరుచుకుంటూ మాట్లాడే పిల్లలు ఆ రోజు అరవనక్కర్లేక ఒకరి గొంతు ఒకరికి కొత్తగా వినిపించి నవ్వుకున్నారు. నాలుగు చోట్లా తాజా అట్టలు కట్టారు. వీధుల నిండా చాపల మీద మిరపకాయలు ఎర్రగా పరుచుకున్నాయి.

మధ్యాహ్నం బిసియూటకు, అదే బడి భోజనానికి, గంట కొట్టారు. పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. సరిగ్గా అప్పుడు గుట్ట గర్జించింది.

కాంపౌండు గోడ వెనక బూడిదరంగు మేఘం లేచింది. గేటులోంచి మంజునాథ వచ్చాడు, నుదుట పూజ కుంకుమ ఇంకా ఆరలేదు.

"అమావాస్య పొద్దు, గుమ్మడికాయ కొట్టినాక, నేను ముట్టను అన్నాను మిస్. అప్ప నన్ను పో అన్నాడు. తానే పోయి స్విచ్చి ఏసినాడు."

ఊళ్ళో మాట దాగుతుందా? అమావాస్య అట్టల సంగతి చింతామణి దాకా పోయింది. ఈ అట్టలూ మురికిపట్టేస్తే, చూడండి, మిషన్ ఆగిన రోజూ ఇంతే దుమ్ము అనొచ్చు, అది ఆయన ఎత్తు. ప్రతిమ గోడకు చేరగిలబడింది. వారమంతా పిల్లలతో కలిసి కట్టుకున్న ఆశ కళ్ళ ముందే దుమ్ము కొట్టుకుపోతుంటే ఏడుపొచ్చింది. పిల్లలు ఆమె మొహంలోకే చూస్తున్నారు. భాను దగ్గి, ఊపిరి తీసుకుని అడిగింది. "మిస్, మన అట్టలు పాడైపోతాయి, పెరుక్కొచ్చేదా?"

అంతే. ప్రతిమ నిటారుగా నిలబడింది.

"పెరుక్కురాండి! ఉరకండి! పొద్దున్నుంచి కట్టినవన్నీ విప్పి పెట్టెలో పెట్టి మూత ఏయండి. వాటి చోటనే కొత్తవి కట్టండి!"

కంచాలు కింద పెట్టి పిల్లలు నాలుగు దిక్కులా పరుగెత్తారు. పొద్దున ఎంతసేపు కట్టారో అంతసేపే సాయంత్రం దాకా కొత్త అట్టలు ఉంచారు. మిషన్ తిరుగుతూనే ఉంది. వీధుల్లో ఆడవాళ్ళు మిరపకాయల మీద చీరలు కప్పుతూ, తిమ్మరాయప్ప ఏడు తరాలనూ పేరు పేరునా తలుచుకుంటున్నారు.

శనివారం బడి ముందర షామియానా వేశారు. ముందు కుర్చీలో తిమ్మరాయప్ప కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. పిల్లలు బెంచీలు బయటికి తెచ్చుకుని కూర్చున్నారు. శ్రీనివాసమూర్తి దానిగళ్ళకు దండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి, బిక్కుబిక్కుమంటూ ప్రతిమ వైపు చూశాడు.

"మా లెక్క తప్పయితే తప్పని చెప్తానని అప్పకు మాటిచ్చినాను" అంది ప్రతిమ. "చెప్పేకి ముందు మీరే చూడండి."

పిల్లలు జతలు జతలుగా అట్టలు పట్టుకుని తల్లిదండ్రుల మధ్యకు పోయారు. పొద్దుటిది తెల్లగా, మధ్యాహ్నానిది బూడిదగా. డైరీ అరుగు దగ్గరిదీ అంతే, వసారాలోదీ అంతే, కిటికీదీ అంతే.

"అదే పొద్దు, అదే గోడ. రోడ్డు యాడికీ పోలేదు, బస్సులు నిలబడలేదు, పొయ్యిలు ఆరలేదు. మధ్యలో మారింది ఒగటే" అంది ప్రతిమ. "ఒట్టి అమావాస్య అయ్యుంటే ఇంత బాగా తెలిసేది కాదు. అప్పకు మేము రుణపడినాము."

జనంలో కిసుక్కుమన్నారు. తిమ్మరాయప్ప కాలు కిందికి దిగింది. "ఇవన్నీ పిల్లాటలు! మిస్సే పూసింటాది బూడిద!"

శృతి లేచింది. మంజునాథ పక్కనే ఉన్నాడు, కూతుర్ని కూర్చోమనలేదు.

"తాతా, మీ మిషన్‌లో దుమ్ము లేకపోతే, అమావాస్య పొద్దు ఎందుకు తిప్పినారు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికి ఒకడు. ఈయన గుమ్మడికాయ కొట్టి మరీ తడుముకున్నాడు. అప్పుడు అక్కయమ్మ చేట పట్టుకుని ముందుకొచ్చింది. చేటలో దుమ్ము పట్టిన మిరపకాయలు.

"ఏమప్పా తిమ్మరాయా, ఏడాదంతా తినే కారం ఇది. ఒగటి నోట్లో పెట్టుకో. కరకరమంటాదో లేదో నువ్వే చెప్పు."

ఆయన మొహం ఆ చేటలో కాయల కంటే ఎర్రబడింది. "నా బెంచీల మింద కూర్చోని నన్నే అడుగుతారా? నా బెంచీలు నాకు పంపించండి! ఒక్కటి కూడా ఉండకూడదు ఈడ!"

"అట్లే అప్పా" అంది ప్రతిమ. పిల్లల వైపు తిరిగింది. "లేయండి."

పిల్లలు లేచారు. ఒక్కో బెంచీకి ఆ కొస ఇద్దరు, ఈ కొస ఇద్దరు పట్టి మోసుకుపోయి బొలెరో చుట్టూ పేర్చడం మొదలుపెట్టారు. ఇప్పుడు హెడ్ మేష్ట్రు అడ్డం పడతాడని అందరూ చూశారు. శ్రీనివాసమూర్తి వచ్చాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, చిన్నపిల్లలు ఎత్తలేక తిప్పలు పడుతున్న బెంచీకి రెండో కొస పట్టుకున్నాడు. తిమ్మరాయప్ప వైపు చూడకుండా మోశాడు. ఆ తర్వాత పిల్లలు వచ్చి ఒట్టి నేల మీద వరసగా బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. ప్రతిమ వాళ్ళ పక్కనే కూర్చుంది.

తిమ్మరాయప్ప బండి ఎక్కాడు గాని, చుట్టూ బెంచీలు, కదలడానికి దారి లేదు. హారన్ కొట్టాడు. ఎవరూ లేవలేదు.

భాను ఒక్కతే లేచింది. పెట్టెలోంచి కొత్త అట్ట ఒకటి తీసి, వ్యాసలీను పూసి, బెంచీల మధ్య సందులోంచి దూరి బండి కిటికీ దగ్గరికి పోయింది.

"తాతా, మీ ఇల్లు చింతామణిలో కదా? ఇది మీ ఇంటి ముందర కట్టండి. మా ఊర్లో కట్టినవన్నీ మాసిపోతాండాయి. పక్కన పెట్టి చూసుకునేకి తెల్లది ఒగటి కావాల."

ఆయన అద్దం పైకి ఎత్తబోయాడు. అట్ట సందులో అడ్డం ఉంది. భానుకు దగ్గు వచ్చింది, ఒంగిపోయేంత దగ్గు. దగ్గుతూనే నిలబడింది. అట్ట పట్టుకున్న చెయ్యి మాత్రం దించలేదు.